తాటిదుంగ మీద పెళ్ళిచూపులు

రండి రండి, ఇట్లా దగ్గరికి జరగండి. వెనకాల బఠాణీలు నమిలేవాళ్ళు దవడలకి కాసేపు సెలవివ్వండి. మాటలాపండి. ఇది తెనాలి కుర్రాడి ప్రేమ కథ. ఇందులో ఒక్క అబద్ధం దొరికినా నన్ను ఈ కథలో వచ్చే కాలవలోనే తోసేయండి. నడుం లోతే లెండి, ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

అజయ్ బాబుది తెనాలి. ఇంటింటికీ వెళ్ళి కరెంటు మీటరు చూసి బిల్లు కొట్టే ఉద్యోగం. తెనాలి సందుల్లో కళ్ళు మూసుకుని తిరిగే ఈ మొనగాణ్ణి జూలైలో భట్టిప్రోలు అవతలి పొలాల వైపు వేశారు. అక్కడ ఆఖరి మీటరు జ్ఞానానందం మాస్టారి ఇంటిది. ఇంటికీ రోడ్డుకీ మధ్య పంట కాలవ. దాని మీద వంతెన అంటే ఒక తాటిదుంగ, అంతే. కాలు పెడితే అటూ ఇటూ దొర్లుతుంది. మాస్టారి గేదె మాత్రం దాని మీద దర్జాగా నడిచిపోతుంది, నేను చూశాను.

అజయ్ మూడడుగులు దుంగ మీద వేశాడు. నాలుగోది నీళ్ళలో వేశాడు.

ఆ చప్పుడుకి చేపలు రేపల్లె దాకా పారిపోయాయి. ఒడ్డు మీద ఒకమ్మాయి వెదురు గడ పట్టుకుని నిలబడి ఉంది. క్రిస్టినా, మాస్టారి కూతురు. బాపట్లలో ఒక స్కూల్లో ఆటల టీచరు.

"మీటరు గోడకుందండీ. నీళ్ళలో లేదు."

"తెలుసండి. కాలవ రీడింగు కూడా తీసుకు రమ్మన్నారు."

"ఎంతొచ్చింది?"

"నడుం దాకా వచ్చిందండి."

ఆమె గడ అందించింది. అతను గడ పట్టుకున్నాడు గానీ చూపు మాత్రం గడ మీద లేదు.

ఆగస్టులో మళ్ళీ పడ్డాడు. పక్కింటి అచ్చమ్మ స్టూలేసుకుని మరీ చూసింది. సెప్టెంబర్లో జోరువానలో పడ్డాడు. అంత తడిలోనూ బిల్లు మిషన్ని నెత్తి మీదకెత్తి పొడిగా కాపాడాడు. ఉద్యోగంలో అంత నిజాయితీ.

"కిలోమీటరు అవతల సిమెంటు వంతెనుంది. చుట్టూ తిరిగి రావచ్చుగా?" అంది క్రిస్టినా.

"రావచ్చండి. అట్లా వస్తే మీరు గడ అందించరుగా!"

ఆమె నవ్వలేదు. నవ్వాపుకోవడానికి గడని ఎంత గట్టిగా పట్టుకుందంటే, దాని మీద ఇప్పటికీ ఆమె వేళ్ళ గుర్తులున్నాయి.

అక్టోబర్లో తడి చొక్కాతోనే మాస్టారి ముందు నిలబడి, "మీ అమ్మాయీ నేనూ ఇష్టపడ్డామండి," అన్నాడు. చొక్కా అంచు నుంచి కారే నీళ్ళు మాస్టారి చెప్పుల్లోకి పోతున్నాయి.

"నెలకోసారి నా కాలవలో పడేవాడికి పిల్లనెట్టా ఇస్తానయ్యా? దాన్ని నడిపిస్తావా, ముంచుతావా? నవంబరు ఆఖరి ఆదివారం బాపట్ల సంబంధం వాళ్ళొస్తున్నారు. బ్యాంకు ఉద్యోగం. ఆ రోజు మధ్యాహ్నం లోపల ఒక్కసారి ఆ దుంగ మీదుగా వచ్చి, పొడి బట్టలతో నా గడప తొక్కు. లేదా, వాళ్ళకి సరేనంటాను."

ఆ సాయంత్రమే క్రిస్టినా ఫోన్ చేసింది.

"బాలెన్స్ బోర్డు చేసుకో. చెక్క కింద గుండ్రటిది పెట్టి, దాని మీద నిలబడాలి. మా స్కూల్లో పిల్లలు చేస్తారు."

"ఎన్నో తరగతి?"

"మూడు."

పౌరుషం వచ్చింది. మొదట చెక్క కింద కొబ్బరికాయ పెట్టాడు. కాయ వీధిలోకి పోయింది, వెనకాలే ఇతను పోయాడు. తర్వాత వాళ్ళమ్మ చపాతీ కర్ర పెట్టాడు. ఆవిడ ఆ కర్రతోనే సమాధానం చెప్పింది. చివరికి పాత బీరువా చెక్క, నాలుగంగుళాల బోరు పైపు ముక్క తెచ్చాడు. జారకుండా పైపుకి సైకిలు ట్యూబు చుట్టాడు. పైపు బయటికి పోకుండా చెక్క అడుగున రెండు చివర్లా అడ్డబద్దలు కొట్టాడు. ఎక్కి నిలబడ్డాడు. అర సెకను. అయినా ఫోటో పంపాడు.

వీడియో కాల్లో పాఠం మొదలైంది.

"మోకాళ్ళు కొంచెం వంచు. కిందకి చూడకు, ఎదురుగా చూడు."

"ఎదురుగా గోడుంది."

"గోడకి ఫోన్ ఆనించి నన్ను చూడు."

చూశాడు. పడ్డాడు.

"అంత చూడమన్లేదు!"

నలభై రోజులు. బోర్డు మీదే పళ్ళు తోమాడు, బోర్డు మీదే ఇడ్లీలు తిన్నాడు. ఆఖరికి నేల మీద నిలబడ్డా ఊగేవాడు. బస్సులో కండక్టరు దగ్గరికొచ్చి నోరు వాసన చూసి వెళ్ళాడు.

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన అయిపోగానే ఊరంతా కాలవ గట్టు మీదికొచ్చింది. అజయ్ తెల్ల చొక్కా వేసుకుని దుంగెక్కాడు. మోకాళ్ళు వంచాడు. ఎదురుగా క్రిస్టినాని చూశాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు... గట్టు మీద ఊపిరి తీసినవాడు లేడు. దుంగ ఎడమకి దొర్లుతుందని ఒళ్ళు కుడికి వంచాడు.

దుంగ కదల్లేదు.

అజయ్ కుడికి వెళ్ళిపోయాడు. దభీమని.

"కదల్లేదేంటి!" నీళ్ళలోంచి అరిచాడు. "దొర్లే దుంగ కదండీ ఇది!"

జ్ఞానానందం మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. "కదలకుండా పొద్దున్నే ఇటో గుంజా అటో గుంజా పాతి ఇనప తీగతో కట్టానయ్యా! నువ్వు పడకూడదనే కట్టాను!"

 మాట జారిందని మాస్టారికి తెలిసేలోపు క్రిస్టినా గడ పక్కన పారేసి, చెంగుమని కాలవలోకి దూకేసింది.

"ఏంటే అది!"

"నాన్నా, ఇప్పుడు నేనూ పడ్డాను. కాలవలో పడ్డ పిల్లని బాపట్ల వాళ్ళకెట్టా ఇస్తావు?"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచారు. అద్దాల మీద నీళ్ళు కాలవవేనని ఆయన ఇప్పటికీ అంటారు. ఆయన నిలబడ్డ చోటికి ఒక్క చుక్క పడలేదు, అది వేరే సంగతి.

"బాపట్లకి ఫోన్ చేసి రావద్దంటాను. అజయ్, నా బీరువాలోంచి పంచె తెచ్చిస్తాను. అది కట్టుకుని గడప తొక్కు."

"నేను మీ షరతులో ఓడిపోయాను కదండీ?"

"పొడి బట్టలన్నాను. నీ బట్టలే అని అన్లేదుగా!"

గట్టు మీద చప్పట్లు మోగాయి. నడుం లోతు నీళ్ళలో ఇద్దరూ చేతులు పట్టుకుని, ఒకరినొకరు చూసుకుంటూ ఒడ్డుకి రావడమే మర్చిపోయారు.

అప్పుడు స్టూలు మీద నుంచి అచ్చమ్మ కేకేసింది. "బాబూ, ఎట్టాగూ లోపలే ఉన్నావుగా, నిరుడు పడిపోయిన నా ఎడంకాలి చెప్పు తగుల్తుందేమో చూడు నాయనా!"