మంచు మీద పేరంటం

శుక్రవారం తెల్లవారింది. దోహా పక్క అల్ రయ్యాన్‌లోని ఆ విల్లా పోర్షన్లో వంటింట్లోంచి పూర్ణాల వాసన, హాల్లోంచి కూతురు భానుమతి హాకీ సంచి కంపు ఒకేసారి బయలుదేరాయి. వరలక్ష్మీ వ్రతానికి పీట వేసి ముగ్గు పెట్టిన చోటికి మూరెడు దూరంలోనే ఆ సంచి పడి ఉంది.

"ఏవండీ! దాన్ని మీరు బయట పెడతారా, నన్ను పడెయ్యమంటారా?" లలితకుమారి వంటింట్లోంచి కేక వేసింది.

సుధాకరరావు పేపరు ఇంకాస్త పైకెత్తాడు. గ్యాస్ కంపెనీలో అంతమందికి ఆర్డర్లు వేసే మనిషి ఇంట్లో మాత్రం పేపరు చాటున బతుకుతాడు. ఇవాళ దాక్కోవడానికి గట్టి కారణమే ఉంది. తొమ్మిదింటికి పేరంటాళ్ళు వస్తున్నారని భార్య చెబితే "సరే" అన్నాడు. తొమ్మిదింటికే మ్యాచ్ అని కూతురు చెబితే దానికీ "సరే" అన్నాడు.

దోహాలో ఐస్ హాకీ ఏమిటని నవ్వకండి. గ్యాస్ డబ్బు పొంగిపొర్లుతున్న రోజులవి. బయట ఎండకి చెప్పులు కరుగుతుంటే, ఒక మాల్ లోపల మంచు గడ్డ కట్టించి స్కేటింగ్ రింక్ పెట్టారు. రిగ్గుల పని మీద వచ్చిన కెనడా ఆయనొకడు, తన పిల్లలు ఆట మరిచిపోతారని బెంగపడి, కనిపించిన పిల్లలనల్లా పోగేసి 'ఫ్లెమింగోస్' అని జట్టు కట్టాడు. మొదటి ఏడాది సగం మందికి స్కేట్ల మీద నిలబడటమే రాదు. ఎనిమిదేళ్ళ భానుకి ముందుకు పోవడం చేతకాక, గోల్ ముందు నిలబెట్టారు. నాలుగేళ్ళుగా అక్కడే పాతుకుపోయింది.

శ్రావణమాసం వస్తే ఖతార్లో అందరూ సెలవులకి ఊళ్ళకి పోతారు. రెండు వారాలుగా జట్టు నిండలేదు. ఇవాళ కూడా నిండకపోతే రింకులో వాళ్ళ శుక్రవారం సమయం పుట్టినరోజు పార్టీలకి ఇచ్చేస్తామని మాల్ మేనేజరు తేల్చి చెప్పాడు.

"అమ్మా, ఇవాళ నాతో కలిపితేనే సరిపోతాం. నేను వెళ్ళకపోతే ఇవాళ్టితో జట్టు ఉండదు," అంది భాను, పట్టు పరికిణీ చేతిలో పట్టుకుని.

"ఏడాదికొక్క వ్రతం! కలశం ముందు కూతురు ఉండదా? వచ్చినవాళ్ళకి ఏం చెప్పమంటావు? మా అమ్మాయి మంచు మీద జారడానికి వెళ్ళిందని చెప్పనా?"

"నాన్న సరే అన్నారు."

"మీ నాన్న నాకూ సరే అన్నారు!"

పేపరు కాస్త వణికింది.

లలితకుమారి గరిటె పక్కన పెట్టింది. "నాలుగేళ్ళుగా ఆ కంపు బట్టలు ఉతుకుతున్నది నేను. శుక్రవారం పూటా మీరిద్దరూ కారెక్కి పోతారు. ఒక్కసారంటే ఒక్కసారి, అమ్మా, నువ్వూ రా అన్నావా?"

భాను తల దించుకుంది. "నువ్వొస్తే నాకు దెబ్బ తగలడం చూస్తావు. చూస్తే మాన్పించేస్తావు. అందుకే పిలవలేదు."

లలితకుమారి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అంత గయ్యాళినటే నేను? రా, స్నానం చేసి వచ్చి కూర్చో. అమ్మవారికి ఆరింటికే పూజ చేసేద్దాం. ఏవండీ, ఆ పేపరు దించి ఫోన్ అందుకోండి. పేరంటం అక్కడే. అందరినీ శాలువాలు తెచ్చుకోమనండి."

"నువ్వు కూడా వస్తావా అమ్మా?" భాను మొహం పాలిపోయింది. జట్టు మిగులుతుంది గానీ, తనకి ఇదే ఆఖరి ఆటేమో.

కథ చదివి హారతి ఇచ్చేసరికి పక్కింటి తహెరున్నీసా వ్యాన్ హారన్ కొట్టింది. వాళ్ళ గౌహర్ కూడా అదే జట్టు. "ఏంది లలితక్కా, పట్టుచీర మీద స్వెట్టరా? మస్తున్నవ్! యల్లా, ఎక్కు జల్ది. టైమ్ అయితున్నది!"

రింక్ చుట్టూ ఆ రోజు చూడాలి. పట్టుచీరలు, మంకీ టోపీలు, చేతుల్లో శనగలు, తాంబూలాలు. పాదాలకి పసుపు రాయబోతే, చలికి కాలు బయటపెట్టనని పేరంటాళ్ళంతా మొరాయించారు. లలితకుమారి బొట్టు పెడుతూనే ఆట చూసింది. అంత బరువు తొడుక్కుని తన పిల్ల వల ముందు వంగి నిలబడింది. జట్టులో ప్రతి పిల్లాడూ వెనక్కి తిరిగి దాని వంక చూసి ధైర్యం తెచ్చుకుంటున్నాడు. ఇంట్లో బొద్దింక కనబడితే కుర్చీ ఎక్కే పిల్ల ఇదేనా అనుకుంది.

ఇంతలో పక్ అనే ఆ నల్ల రబ్బరు బిళ్ళ దూసుకొచ్చి భాను భుజానికి తగిలింది. చప్పుడు పేరంటాళ్ళదాకా వినబడింది. భాను చటుక్కున తల్లి వైపు చూసి, ఏమీ కానట్టు మళ్ళీ వంగింది. లలితకుమారి చేతిలో కుంకుమ భరిణె ఒలికిపోయింది.

ఫ్లెమింగోస్ ఓడిపోయారు. కానీ జట్టు నిండింది, ఆట చివరిదాకా సాగింది. మేనేజరు తాంబూలం పుచ్చుకుని, వచ్చే శుక్రవారం కూడా సమయం మీదేనన్నాడు.

బెంచీ మీద కూతురి భుజం తొడుగు విప్పింది లలితకుమారి. కొత్త దెబ్బ ఎర్రగా, దాని పక్కన పాతవి నీలంగా ఉన్నాయి.

"ఎప్పటినుంచే ఇవి?"

"మొదటినుంచీ." భాను తొడుగు మళ్ళీ పైకి లాక్కోబోయింది. "మాన్పించేస్తావా అమ్మా?"

"నిన్ను మాన్పిస్తే ఆ వల ముందు ఎవరు నిలబడతారే పిచ్చిదానా? ఆటలో దెబ్బలు తగులుతాయి, తెలుసు. ఇంత నొప్పి పెట్టుకుని నా పక్కనే పడుకుని కిక్కురుమనలేదే, అది తట్టుకోలేకపోతున్నా. ఇక తగిలితే చెప్పు. కాపడం పెట్టే చేతులు ఇంట్లో ఉన్నాయి."

ఆ మాటకి భాను తల్లిని కరుచుకుని భోరుమంది. అప్పుడే కోచ్ ఫోటోకి కేకేశాడు.

ఆ ఏడాది జట్టు ఫోటోలో పిల్లలకన్నా పట్టుచీరలే ఎక్కువ. తహెరున్నీసా అరటిపండు తింటోంది. సుధాకరరావు సంచి మోస్తున్నాడు. అందరూ నవ్వుతుంటే గోల్ కీపర్ ఒక్కతే వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఓడిపోయినందుకు కాబోలు, పాపం, అనుకుంటారు చూసినవాళ్ళు.