ఎవరూ లేని పదకొండెకరాలు

పక్కింటావిడ చెప్పిందట, ఊరి చివర పాత ఇటుకబట్టీ స్థలాన్ని ప్రభుత్వం అమ్మేస్తోందని. మొత్తం పదకొండెకరాలు, ఈ సాయంత్రం నాలుగింటికే వేలమట. వారం రోజులుగా నల్లద్దాల కారులో ఒకావిడ వచ్చి ప్రహరీ చుట్టూ తిరిగి వెళ్తోందనీ, కారు పోయిన పది నిమిషాలకు కూడా ఆవిడ సెంటు వాసన వీధిలోంచి పోదనీ చెప్పిందట. గాడిదలు కూడా మేయని నేల, ఎవడో ఒకడు కొంటే ఖజానాలో నాలుగు డబ్బులైనా పడతాయని తీర్పు కూడా ఇచ్చేసిందట.

బట్టలు ఆరేస్తూ భార్య ఇదంతా చెబుతుంటే కందిరీగ గడ్డం మీద బ్లేడు ఆగిపోయింది. చిన్న గాటు పడింది.

"కొనేదెవరట?"

"నాకేం తెలుసు. మీరేదో కొనేవాళ్ళలా అడుగుతున్నారు," అంది ఆవిడ, క్లిప్పు నోట్లోంచి తీసి.

కందిరీగ అన్నది అతని కోడ్ నేమ్. ఇంట్లోవాళ్ళ లెక్కలో అతను నీటి మోటార్లు అమ్మే సేల్స్‌మన్. అసలు ఉద్యోగం సీక్రెట్ ఏజెంట్. అతని ఆఫీసు సరిగ్గా ఆ పదకొండెకరాల కింద, నలభై అడుగుల లోతున ఉంది. ముప్పై రెండు మంది హెడ్‌ఫోన్లు తగిలించుకుని, సరిహద్దు అవతలివాళ్ళ మాటలు మూడు షిఫ్టుల్లో వింటూ ఉంటారు. పైన చూస్తే పిచ్చిమొక్కలు, కూలిన గోడ, తుప్పుపట్టిన ఒక పైపు. ఆ పైపే కిందివాళ్ళకు ఊపిరి.

గంట తిరక్కుండా అతను చీఫ్ ముందున్నాడు. అందరూ పెద్దాయన అని పిలిచే ఆ మనిషి వేలం పుస్తకాన్ని బల్లమీదికి విసిరాడు.

"వాడకంలో లేని సర్కారు భూములమ్మి ఖజానా నింపుకుంటారట. నూట నలభై ఆరు స్థలాల జాబితా. మనది డెబ్బై మూడోది. ఎదురుగా ఏం రాశారో చదువు."

"నిరుపయోగం," అని చదివాడు కందిరీగ.

"రాత్రింబవళ్ళు చచ్చేట్టు పనిచేస్తే మిగిలిన పేరు."

"కింద మనం ఉన్నామని ఆ భూములమ్మే శాఖవాళ్ళకు చెప్పేస్తే పోలా సార్?"

"ఆ శాఖలో ఒక చెవిన పడిందంటే శత్రువు చెవిన పడ్డట్టే. మనం లేమని నలభై ఏళ్ళు నమ్మించాం. బ్రహ్మాండంగా నమ్మారు."

మంత్రికి చెబుదామంటే ఆయన విమానంలో ఉన్నాడు, దిగేసరికి ఆరు దాటుతుంది. పోనీ మనమే పాట పాడుకుందామంటే, డబ్బు ఎక్కడిదో రాసివ్వాలన్న షరతు ఒకటి ఉంది. ఇక పెద్దాయన ఒక ఫొటో ముందుకు తోశాడు. పచ్చని కళ్ళు, ఎవరినీ లెక్కచేయని నవ్వు. నెమలి.

నెమలి మూడేళ్ళుగా వీళ్ళకు సమాచారం అందిస్తున్న మనిషి. బయటికి భూముల అమ్మకంలో సర్కారుకు సలహాదారు. ఆ జాబితా రాసింది ఆవిడే. గిడ్డంగులు కడతామంటూ పాడబోయే కంపెనీ కూడా ఆవిడదే, పెట్టుబడి మాత్రం సరిహద్దు అవతలిది.

"ఆమె మన మనిషి కదా సార్."

"మన జీతం తింటోంది. మన మనిషని అనుకున్నది మనం," అన్నాడు పెద్దాయన. "ఈ రోజు వేలం సుత్తి పడితే సోమవారం పునాదులు తవ్వుతారు. మంగళవారానికి ముప్పై రెండు మంది వాళ్ళ చేతుల్లో ఉంటారు. ఆపు. ఎలా ఆపుతావో నాకు చెప్పకు."

కందిరీగ వేలం షరతులు రెండుసార్లు చదివాడు. తొమ్మిదో షరతు దగ్గర వేలు నిలిచింది. స్థలం ఖాళీగా ఉండాలి. వేలం రోజు మూడింటికి సర్వేయర్ ఆఖరిసారి వెళ్ళి చూడాలి. ఎవరైనా అనుమతితో కాపురముంటే ఆ స్థలం పాట అక్కడికక్కడే ఆగిపోవాలి. అది చదవగానే అతనికి ఒక ముఖం గుర్తొచ్చింది. గుర్తొచ్చినందుకు సిగ్గేసింది.

నిరుడు మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టర్ వేషంలో వెళ్ళి, ఆ స్థలంలో గేదెల్ని కట్టుకున్న పాలమ్ముకునే ఒకావిడ పాకను పీకించింది అతనే. గేదెల తొక్కుడుకి మైకుల్లో చప్పుడొస్తోందని కింద నుంచి కంప్లయింట్ వచ్చింది మరి.

ఆమె ఇప్పుడు ఒక ఇరుకు సందులో మురుక్కాలువ పక్కన ఉంటోంది. ఎనిమిది గేదెల్లో ఆరు మిగిలాయి. నిలబెట్టడానికి చోటులేక రెండింటిని తెగనమ్మింది. అతను నోరు తెరవకముందే గుర్తుపట్టింది.

"నువ్వా. ఇప్పుడేం పీకుదామని?"

మళ్ళీ అదే చోట పాక వేసుకోవాలని, ఈ మధ్యాహ్నమే రావాలని అతను నసిగాడు. ఎందుకో అడగొద్దన్నాడు. ఆమె బకెట్టు కింద పెట్టింది.

"అడగడమెందుకు. కింద మీవాళ్ళున్నారు. పైపులోంచి కాఫీ వాసనొచ్చేది. ఎవడో జలుబు మనిషి తుమ్మితే నా గేదెలు బెదిరిపోయేవి. ఎవరితోనైనా అన్నానా?"

"లేదమ్మా."

"అమ్మా అనకు. నీలాంటివాణ్ణి కనలేదు నేను."

ఆమె షరతులు రెండు. కూల్చిన చేతులే పాక కట్టాలి. పదిహేనేళ్ళుగా ఆ చోటు ఆమెదేనని సర్కారు ముద్రతో కాయితం ఇవ్వాలి, ఆ మాట రిజిస్టరులో కూడా ఎక్కాలి. తనున్నది ఆరేళ్ళే కదా అని అతను గొణిగితే, పోయిన రెండు గేదెల ఉసురు తొమ్మిదేళ్ళు అంది. కందిరీగ ఫోన్ చేశాడు. పెద్దాయన మూలిగి, ఒక్క సాయంత్రం గడిస్తే చాలు, ఏమడిగితే అది ఇవ్వమన్నాడు. దొంగపత్రాల విభాగం గంటన్నరలో కాయితాన్ని డికాక్షన్లో ముంచి, ఆరబెట్టి, మడతలు నలిపి, రిజిస్టరు సహా పంపింది. అసలు మునిసిపాలిటీ కాయితాలు కూడా అంత పద్ధతిగా ఉండవు.

రెండున్నరకల్లా రేకులు పడ్డాయి. ప్రపంచంలో పదకొండు రకాల తుపాకులు పేల్చగల ఏజెంటుకు మేకు కొట్టడం రాదని ఆమె గేదెలతో చెప్పింది.

మూడూ యాభై. వేలం హాలు. కందిరీగ ఇప్పుడు పెట్టుడు మీసం, మాసిన యూనిఫాం, చేతిలో టీ కెటిల్‌తో బంట్రోతు. మొదటి వరసలో నెమలికంఠం రంగు గౌనులో ఆవిడ, ఒడిలో హ్యాండ్‌బ్యాగ్. అప్పటికే ఒక మూతబడ్డ గిడ్డంగి, ఒక ఆటస్థలం పోయాయి. కొన్నవాళ్ళు పళ్ళికిలిస్తున్నారు. నాలుగు కొట్టగానే డెబ్బై మూడు పిలిచారు. నెమలి చెప్పిన ధర మీద ఎవరూ పాడలేదు.

"ఒకటోసారి," అన్నాడు వేలం అధికారి.

సర్వేయర్ ఫోన్ ఈపాటికి రావాలి. అధికారి బల్లమీద సెల్ మూగగా పడివుంది. కందిరీగ తన ఫోన్ చూసుకున్నాడు. ఒక్క గీత సిగ్నల్ లేదు. హాల్లో అందరూ ఫోన్లు తిప్పి తిప్పి చూస్తున్నారు, నెమలి తప్ప. ఆవిడ బ్యాగు జిప్పు సందున ఎర్రలైటు మిణుకుమంది. ఫోన్ల నోరు నొక్కే జామర్.

"రెండోసారి."

కందిరీగ కాలు కుర్చీకి తగిలింది. కెటిల్ తిరగబడింది. సలసల కాగే టీ మొత్తం బ్యాగులోకి పోయింది. చిటపటమని ఏదో కాలిన వాసన. సుత్తి లేచింది. అధికారి సెల్ మోగింది.

"సార్," అంటోంది సర్వేయర్ గొంతు, "ఇక్కడ ఆరు గేదెలున్నాయి. పాకుంది. ఒకావిడ ఉంది. ఆవిడ దగ్గర కాయితముంది. నన్ను తిడుతోంది కూడా."

సుత్తి మెల్లగా బల్లమీద పడుకుంది. నెమలి లేచింది. గౌను అంచు నుంచి టీ కారుతోంది.

"నిన్నటిదాకా అక్కడ పురుగు కూడా లేదు. రుజువు చూడండి." ఫొటోలు బల్లమీద పరిచింది.

బంట్రోతు గుడ్డతో బల్ల తుడుస్తూ వంగి చూశాడు. "ఇవి పైనుంచి తీసినవి కదా మేడమ్. అటు విమానాల దారి. ఏదీ ఎగరేయకూడదని బోర్డుంది. మీదేం ఎగిరింది?"

అధికారి ఫొటోల వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు, గార్డుల్ని పిలిచాడు. నెమలి ముఖంలో రంగు మారలేదు. పోతూపోతూ అతని చెవి దగ్గర ఆగింది.

"మీసం ఊడుతోంది కందిరీగా."

"ఈ నెల నుంచి నీ జీతం కూడా," అన్నాడతను.

ఆరున్నరకు మంత్రి దిగాడు, విన్నాడు, డెబ్బై మూడో నంబరు మీద గీత పడింది. నెమలి ఫోన్ పట్టుకుని లాగితే మిగతా ముఠా అంతా రెండు రోజుల్లో దొరికింది.

వారం తర్వాత పెద్దాయనే స్వయంగా ఇటుకబట్టీకి వచ్చాడు, కందిరీగను వెంటబెట్టుకుని. శత్రుదేశం మాట్లాడుతుంటే మధ్యలో గేదెలు నెమరేస్తున్నాయని, పైపులోంచి పేడనీళ్ళు కారుతున్నాయని కింద ముప్పై రెండు మందీ సంతకాలు పెట్టిన అర్జీ ఆయన జేబులో ఉంది. దేశానికి ఆమె చేసిన మేలు మరువలేనిదని మొదలుపెట్టి, చాలా మర్యాదగా, ఇక స్థలం ఖాళీ చేస్తే బాగుంటుందని ముగించాడు.

ఆమె పాలు పితకడం ఆపలేదు. తలెత్తలేదు.

"నేనున్నట్టు సర్కారు కాయితముంది, పదిహేనేళ్ళది. మీరున్నట్టు ఏదీ, చూపించండి."