వార్నిష్ వేయని లారీ

"మధ్యాహ్నం నాలుగింటిలోపు నువ్వొక తప్పు చెయ్యాలి," అన్నాడు చీఫ్. "అందరూ చూస్తుండగా."

తుప్పు కుర్చీలో కాలు చాపుకున్నాడు. మోకాలు సలుపుతోంది. డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్‌నేమ్ 'తుప్పు'. ఇరవై ఆరేళ్ళ క్రితం పెట్టినప్పుడు జోకులా ఉండేది, ఇప్పుడు మెడికల్ రిపోర్టులా ఉంది.

"టార్గెట్?"

"స్కేల్ మోడల్స్ ఎగ్జిబిషన్. జానెడు బొమ్మ మిలిటరీ లారీ, మీద తెల్లటి మంచు చుక్కలు. ఆ చుక్కలే కోడ్. అవతలి దేశంలో వెల్డర్ వేషంలో మన గూఢచారి ఉంటున్న అడ్రసు. నాలుగింటికి వాళ్ళ కొరియర్ వచ్చి ఫొటో తీసుకుని పోతాడు. ఎవరితోనూ మాట్లాడడు."

"లారీ ఎత్తుకొచ్చేస్తే?"

"అనుమానం వస్తుంది. మనవాడు వెల్డరని మాత్రం వాళ్ళకి తెలుసు, ఇవాళే అక్కడి వెల్డర్లందరినీ లోపలేస్తారు. రేపు పొద్దున మనవాడు సరిహద్దు దాటేస్తాడు. అప్పటిదాకా వాళ్ళు యాక్సిడెంట్ అనుకోవాలి."

ఆ వెల్డర్ తుప్పుకి బావమరిది. ఈ ఉద్యోగంలోకి లాక్కొచ్చింది తనే. భార్యేమో తమ్ముడు ఓడల కంపెనీలో ఉన్నాడనీ, మొగుడు ఇన్సూరెన్స్ ఫైళ్ళు చూస్తాడనీ నమ్ముతోంది. వాడికేదైనా అయితే ఆవిడ ముఖం ఎలా చూడాలో ఏ ట్రైనింగ్‌లోనూ నేర్పలేదు.

చీఫ్ ఒక బ్రష్ బల్లమీద పెట్టాడు. లావుపాటి పిడి, దానికి రెండు మీటలు. ల్యాబ్ వాళ్ళ తయారీ. ఆకుపచ్చ మీట నొక్కితే స్పిరిట్‌లో కలిపిన వాష్ వస్తుంది, ఎర్రది నొక్కితే టర్పెంటైన్‌లో కలిపినది. వాష్ అంటే పల్చటి మురికి రంగు. పూస్తే సందుల్లోకి దిగి, కొత్త బొమ్మ బండి పదేళ్ళు తిరిగిన బండిలా కనిపిస్తుంది.

"చుక్కలు నీళ్ళలో కలిపే అక్రిలిక్ రంగైతే స్పిరిట్‌కి కరుగుతాయి, టర్పెంటైన్‌కి చెక్కుచెదరవు," అన్నాడు తుప్పు నీరసంగా. "నూనెరంగు ఎనామెల్ అయితే సరిగ్గా తలకిందులు. ఇంతకీ ఏది?"

"అక్కడ మన ఏజెంటు ముత్యం చెబుతుంది. వార్నిష్ మాత్రం వెయ్యలేదట. అంతవరకు ఖాయం."

మారువేషం అక్కర్లేదు. తుప్పు ఆ క్లబ్‌లో పదకొండేళ్ళుగా మెంబరు. కవర్ కోసం మొదలుపెట్టిన పని, చివరికి అతనికి మిగిలిన ఒకే ఒక్క ఇష్టమైంది. అక్కడ అతన్ని వాష్ మాస్టారంటారు. ఏటా 'సగం పని' అని రాసి పూర్తికాని మోడల్స్ పెట్టిన బల్లమీంచి ఎవరిదో ఒక మోడల్ తీసి అందరిముందూ వాష్ వేసి చూపించడం ఆనవాయితీ. లారీ సరిగ్గా ఆ బల్లమీదే ఉంది. జడ్జీలు తొంగిచూడని బల్ల అదొక్కటే మరి.

అతను హాల్లోకి వెళ్ళగానే, మెడలో మూడు పేటల ముత్యాలతో ఎగ్జిబిషన్ సెక్రటరీ ముత్యం దగ్గరికి వచ్చింది. రెండు దేశాలకీ పనిచేసే మనిషి. ఏ దేశానికి ఎంత అన్నది ఎవరికీ తెలియదు.

"ఈ ఏడు దుమ్ము ఎక్కువ కదండీ?"

"తుడిస్తే పోయేది కాదు లెండి," అని తుప్పు కోడ్ పూర్తిచేశాడు.

"అక్రిలిక్," అంది పెదవులు కదపకుండా. "నమూనా ఇక్కడున్న వాళ్ళ ఏజెంటు పంపాడు, చుక్కలు నేనే పెట్టాను. మొన్న."

తుప్పు ఆమె చేతులవైపు చూశాడు. గోళ్ళ చివర తెల్లటి గీత. చుట్టూ చర్మం ఎర్రగా కందిపోయి ఉంది. సెంటు వాసన చాటున మరో వాసన. అక్రిలిక్ అంటితే సబ్బూ నీళ్ళూ చాలు. టర్పెంటైన్‌తో చేతులు రుద్దుకునేది ఎనామెల్ వేసినవాళ్ళే. వంగి లారీ వాసన చూశాడు. అదే వాసన.

టైము మూడు యాభై. జనం బల్లచుట్టూ మూగారు. గుమ్మంలో కెమెరా వేసుకున్న ఒక బూడిదరంగు కోటు కనిపించింది. కొరియర్ పది నిమిషాలు ముందే వచ్చేశాడు.

"మాస్టారూ, దీనికి వార్నిష్ వేశారాండీ?" అని ఎవరో అడిగారు.

పదకొండేళ్ళుగా అతను మొత్తుకుంటున్న మాట అదే. రంగుకీ వాష్‌కీ మధ్య వార్నిష్ ఉండి తీరాలి, లేకపోతే కింద రంగు లేచిపోతుంది.

"ఆఁ, వేసే ఉంటార్లే," అన్నాడు తుప్పు.

రెండోసారి వాష్ వేస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ఉన్నది ఒక్క ఛాన్సు. ఎర్ర మీట నొక్కి బ్రష్ ఆన్చాడు. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత చుక్కలు ఒకదాంట్లో ఒకటి కరిగి, లారీ మొత్తం బురదముద్దయింది. కొరియర్ కెమెరా ఎత్తాడు, చూశాడు, దించాడు. తుప్పువైపు జాలిగా చూసి వెళ్ళిపోయాడు.

"మీరా, మాస్టారూ? మీరు?" క్లబ్ ప్రెసిడెంటు కళ్ళజోడు తీసి లారీకేసి చూశాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తుప్పుకి నటించాల్సిన పని రాలేదు, నిజంగానే సిగ్గుతో చచ్చిపోయాడు.

హాలు ఖాళీ అయ్యాక ముత్యం వచ్చింది. "ఎలా తెలిసింది?"

"చేతులండీ."

"వాళ్ళకి చెప్పేస్తాను."

"చెప్పండి. ముందే నాతో మాట్లాడారని కూడా చెప్పాల్సొస్తుంది."

ఆమె మడతకుర్చీలో కూలబడింది. "అలిసిపోయానండీ. రెండువైపులా భయమే."

"నాకు ఒకవైపే. అయినా అలిసిపోయాను."

మర్నాడు మధ్యాహ్నం భార్య ఫోన్ పెట్టేసి వంటింట్లోంచి వచ్చింది. "తమ్ముడండీ. ఓడ దిగాడట. వాడి గొంతు మీరు వినాల్సింది, ఎంత నీరసంగా ఉందో! మీ బావాబావమరుదులిద్దరూ ఒక్కలాగే ఉన్నారు."

తుప్పు బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, కళ్ళు తుడుచుకుని వచ్చాడు. అంత హాయి అతనికి చాలా ఏళ్ళ తర్వాత కలిగింది.

"క్లబ్ వాళ్ళు ఇచ్చి వెళ్ళారు," అని ఆవిడ ఒక కవరు అందించింది. ఇకమీదట బ్రష్ పట్టి చూపించే బాధ్యత మరొకరికి అప్పగించామనీ, ఆదివారం కొత్తవాళ్ళ క్లాసుకి తప్పక రావాలనీ ఉంది. మొదటి పాఠం: 'రంగుకీ వాష్‌కీ మధ్య వార్నిష్'. పాఠం కాగితం కూడా జతచేశారు.

"వెళ్తారా?"

"వెళ్తాను. హాయిగా నిద్రపోవచ్చు. ఆ పాఠం రాసింది నేనే."