డీ డ్రైవ్ జోలికి పోవద్దు

"ఓ సారూ! ఏం చేస్తున్నవ్ ఆ మిషన్‌ని?"

ప్రమోద్ వెనక్కి తిరిగేలోపే ఆ అమ్మాయి టేబుల్ కిందికి వంగింది. ప్లగ్గు పట్టుకుని ఒక్క లాగు లాగింది. తెర నల్లబడింది.

"ఏంటండీ ఇది! ఇన్‌స్టలేషన్ నడుస్తుంటే ప్లగ్గు పీకేస్తారా?"

"నువ్వు అడగకుండ డిస్క్ తుడిచేస్తే, నేను అడిగి ప్లగ్గు పీకాల్నా?"

ప్రమోద్ ఆ ప్లగ్గునీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. తణుకులో పుట్టి, తెలిసినవాళ్లతోనూ తెలియనివాళ్లతోనూ గలగలా మాట్లాడి పెరిగిన మనిషిని ఇలా ఒక్క మాటతో ఆపినవాళ్లు ఇంతదాకా లేరు.

ఆమె వనిత. అమీర్‌పేటలో మెట్రో మెట్లు దిగి, పాంప్లెట్లు చేతిలో కుక్కేవాళ్లను తప్పించుకుని, రెండు సందులు తిరిగితే వచ్చే కోచింగ్ సెంటర్‌లో ల్యాబ్ అంతా ఆమెదే. యజమాని అచ్యుతరావు కూడా ఆమెను అడిగే ఏసీ వేస్తాడు. ఆ శుక్రవారం మాత్రం ఆమె ఆలస్యంగా వచ్చింది. ఈలోపు ఆయన, నలభై కంప్యూటర్లకూ కొత్త విండోస్ ఎక్కించమని పిలిపించిన ప్రమోద్‌ని ల్యాబ్‌లో వదిలి, "కానిచ్చేయండి" అని వెళ్లిపోయాడు.

ప్రమోద్ మొదటి మిషన్‌తో కానిచ్చేయడం మొదలుపెట్టాడు. విండోస్ ఎక్కేటప్పుడు సవాలక్ష ప్రశ్నలు అడుగుతుంది. ఏ భాష, ఎవరి పేరు, ఏ డిస్కులో పెట్టాలి, ఉన్నది ఉంచాలా తీసేయాలా. వాటన్నింటికీ జవాబులు ముందే ఒక ఫైల్లో రాసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోవడం అతని పద్ధతి. పెన్‌డ్రైవ్ గుచ్చి, మిషన్ ఆన్ చేసి, చాయ్‌కి వెళ్లిపోవచ్చు. డిస్కు ప్రశ్నకు అతను రాసుకున్న జవాబు, మొత్తం తుడిచెయ్ అని. కొత్త ఆఫీసుల్లో అది ఎప్పుడూ తేడా కొట్టలేదు.

కానీ ఇది అమీర్‌పేట. హాస్టళ్లలో ఉండి చదువుకునే పిల్లల్లో చాలామందికి సొంత ల్యాప్‌టాప్ ఉండదు. కోర్సు అయ్యేదాకా ఒకే మిషన్ దగ్గర కూర్చుంటారు, మానిటర్ మీద పేరు రాసిన స్టిక్కర్ అంటించుకుంటారు. ఆ మిషన్‌లో డీ డ్రైవ్ వాళ్ల సొంత గది కింద లెక్క. విండోస్ ఉండే సీ పాడైనా ఎవరూ ఏడవరు, డీ మీద చెయ్యి పడితే ఊరుకోరు.

"మొత్తం తుడిచినవా? డీ సుత?"

ప్రమోద్ తలూపాడు. వనిత స్టిక్కర్ చూసింది. మంజూష. తలుపు దగ్గర ఆ మంజూషే నిలబడి ఉంది, బ్యాగు ఇంకా భుజం మీదే ఉంది. సోమవారం కంపెనీ వాళ్ల ముందు చూపించాల్సిన ప్రాజెక్టు ఆ డీ లోనే ఉంది.

"అక్కా..." అంది మంజూష. బ్యాగు భుజం మీంచి జారి కింద పడినా చూసుకోలేదు.

ప్రమోద్‌కి ఆ పిల్ల తిట్టినా బాగుండేదనిపించింది.

"ప్లగ్గు పీకారు కాబట్టి ఇంకా ఆశ ఉందండీ," అన్నాడు మెల్లగా. "డిస్కుని విండోస్ పైపైనే తుడిచింది. లోపల ఇంకా ఏం రాయలేదు. నేను తెస్తాను."

"తెస్తవా?"

"తెచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలను."

కదల్లేదు కూడా. శనివారమంతా ఆ డిస్కుని విప్పి ఇంకో మిషన్‌కి తగిలించి, పోయిన పార్టిషన్‌ని, అంటే డీ ఉన్న భాగాన్ని, వెతుకుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నం వనిత చాయ్ తెచ్చి టేబుల్ మీద టక్కున పెట్టింది.

"కోపం తగ్గిందాండీ?"

"చాయ్ వేరు, కోపం వేరు. తాగు."

సాయంత్రానికి డీ దొరికింది. ఫోల్డర్లు ఒక్కొక్కటే తెర మీదికి వచ్చాయి. మంజూష తన ప్రాజెక్టు తెరిచి చూసుకుని, ఏడుస్తూనే నవ్వి, వనితను కావలించుకుంది. వనిత ఆ పిల్ల భుజం మీదుగా ప్రమోద్ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. మరేముందో పట్టుకునేలోపే ఆమె మొహం తిప్పుకుంది.

"రేపు ఆదివారం, పిల్లలు రారు. రేపు చేద్దాం," అంది. "కానీ ఒక్కో మిషన్ అడిగి చెయ్యాలె. డీ డ్రైవ్ జోలికి పోవద్దు."

"ఎవర్ని అడగాలండీ?"

"నన్ను."

ఆదివారం పొద్దున్నుంచే ముసురు. ఫ్లైఓవర్ అవతల ఆకాశం తడిసిన సిమెంటు గోడలా ఉంది. ప్రమోద్ జవాబుల ఫైల్లో డిస్కు గురించిన భాగం తీసేసి వచ్చాడు. జవాబు లేకపోతే విండోస్ అక్కడ ఆగుతుంది, ఎక్కడ పెట్టమంటావని అడుగుతుంది. ఎవరో ఒకరు కూర్చుని సీ ని చూపించి, దాన్ని మాత్రమే ఫార్మాట్ చేసి, నెక్స్ట్ నొక్కాలి. ప్రతి మిషన్ దగ్గరా అంతే.

"వనిత గారూ, ఇది సీ. నొక్కమంటారా?"

"నొక్కు."

పక్క మిషన్.

"వనిత గారూ, ఇదీ సీ నే. నొక్కమంటారా?"

"నొక్కు. ఆ గారు తీసెయ్ జర. బ్యాంకు మేనేజర్‌ని పిలిచినట్టుంది."

"అడిగి చెయ్యమన్నది మీరే కదా. గారు లేకుండా అడగడం మాకు రాదు."

"మస్తు మాటలొస్తయ్ నీకు." నవ్వు ఆపుకోవడానికి ఆమె కిటికీ వైపు తిరిగింది. కిటికీ అద్దంలో ఆ నవ్వు కనిపిస్తూనే ఉంది. ప్రమోద్ అద్దంలోనే చూశాడు.

మధ్యాహ్నం వనిత, పంజాగుట్టలోని ఇంట్లో వాళ్లమ్మ సత్తెమ్మ కట్టిచ్చిన డబ్బా విప్పింది. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం. ప్రమోద్ ఒక్క ముక్క తిని సీసాడు నీళ్లు తాగాడు. గోదావరి జిల్లా పరువు పోతుందని రెండో ముక్క కూడా తిన్నాడు.

"ఇవ్వాళ తొందరగా వెళ్లాలా మీరు?" ఆమె గడియారం చూడటం గమనించి అడిగాడు.

"పొద్దుగూకేసరికి మా బాపు ఒకళ్లకు మాట ఇస్తుండు. నా పెండ్లి గురించి."

రొట్టె గొంతులో అడ్డం పడింది. ఈసారి తప్పు కారానిది కాదు.

"అబ్బాయి... బాగున్నాడా?"

"ఫోటోల మంచిగనే ఉన్నడు. ఉద్యోగం మంచిది. ఇల్లు మంచిది. అందరికీ నచ్చింది. నన్నైతే ఎవ్వరూ అడగలే." డబ్బా మూత పెట్టింది. "మా ఇంట్ల సుత నీ పెన్‌డ్రైవ్ కతనే. జవాబులన్నీ ముందే రాసి పెట్టుకున్నరు. నెక్స్ట్, నెక్స్ట్ అనుకుంట పోతుండ్రు."

"వద్దని చెప్పొచ్చు కదండీ."

"చెప్తే, ఎందుకు వద్దు అని అడుగుతరు. నిన్న మొన్నటి దాకా నా దగ్గర దానికి జవాబు లేకుండె."

నిన్న మొన్నటి దాకా అంటే ఏమిటో అడగాలని ప్రమోద్ నోరు తెరిచాడు. ధైర్యం చాలలేదు. లేచి తర్వాతి మిషన్ దగ్గర కూర్చున్నాడు. ఆ తర్వాత అతని మాటలు తగ్గిపోయాయి. చూపు తెర మీద, ధ్యాస పంజాగుట్టలో. ఒక మిషన్ దగ్గర అడగనే లేదు, మౌస్ బాణాన్ని సీ కింది వరుస మీద పెట్టి ఫార్మాట్ నొక్కబోయాడు.

వనిత చెయ్యి వచ్చి అతని చెయ్యి మీద గట్టిగా పడింది.

"డీ అది!"

ఇద్దరూ తెరను చూశారు. తర్వాత చేతులను చూశారు. వనిత తన చెయ్యి వెంటనే తీసుకోలేదు.

"ఏమైంది నీకు?"

"ఏం లేదండీ."

చివరి మిషన్ దగ్గరికి వచ్చేసరికి వాన జోరందుకుంది. కింద రోడ్డు మీద హారన్లు కూడా వినపడటం లేదు. ప్రమోద్ పెన్‌డ్రైవ్ గుచ్చాడు. తెర ఎప్పటిలాగే ఆగి, ఎక్కడ పెట్టమంటావని అడిగింది.

"ఇది సీ, వనిత గారూ. నొక్కమంటారా?"

ఆమె కుర్చీ లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"ఒక్క మాట అడుగుత, నిజం చెప్పు. గీ మిషన్లన్నిట్ల పార్టిషన్లు ఒక్క తీరే ఉన్నయ్. నేనే చేసిన, నాకు తెల్వదా? సీ నంబరొక్కటి నీ జవాబుల ఫైల్ల రాస్తే దాన్నే ఫార్మాట్ చేస్తుండె, డీ ని ముట్టకపోతుండె. అన్నీ ఒక్కసారే నడిచి పొద్దుగాల్నే అయిపోతుండె. నీకు రాదా, రానట్టు చేస్తున్నవా?"

ప్రమోద్ చెవులు ఎర్రబడ్డాయి.

"వచ్చండీ."

"మరి?"

"అలా రాస్తే మీతో పని ఉండదు కదా. రోజంతా మిమ్మల్ని అడుగుతూ కూర్చోవచ్చని..." అని ఆగాడు. "మీకు ముందే తెలిస్తే పొద్దున్నే ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలే."

తల దించుకుంది. బుగ్గన చిన్న గుంట పడింది. ప్రమోద్‌కి ఒక్కసారిగా ధైర్యం వచ్చింది, భయం కూడా వచ్చింది, రెండూ కలిసే వచ్చాయి.

"పొద్దున్నుంచి ఇన్ని అడిగిన. సారీ, అడిగాను." ఆమె యాస తన నోట్లోకి వచ్చేసిందని అతనికే నవ్వొచ్చింది. "ఇంకొక్కటి అడగనా? మీరంటే నాకు చాలా ఇష్టమండీ. నన్ను చేసుకుంటారా?"

వనిత ఫోన్ మోగింది. బాపు అని కనిపించింది. ఆమె స్పీకర్ నొక్కింది.

"బిడ్డా, వాళ్లకు ఫోన్ కొడుతున్న. సరే అంటున్న మరి," అన్నాడు మొగిలయ్య.

"ఆగు బాపు. ముందు నన్ను అడుగు."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది.

"నిజమే బిడ్డా. మంచి సంబంధమని సంబురంల అడుగుడే మర్చిన." ఆయన గొంతు తగ్గింది. "చెప్పు, నీకిష్టమేనా?"

"ఇష్టం లేదు బాపు."

"ఎందుకు బిడ్డా?"

ఈసారి ఆమె దగ్గర జవాబు ఉంది.

"ఈడ ఒకడున్నడు బాపు. పేరు ప్రమోద్. నన్ను అడగంది ఏ పనీ చెయ్యడు."

పక్కనుంచి సత్తెమ్మ గొంతు దూసుకొచ్చింది. "పొద్దుగాల రెండు రొట్టెలు ఎక్కువ పెట్టమన్నది ఆ పిలగాని కోసమేనా?"

"అవునమ్మా."

"మరి కారం తిన్నడా?"

"ఏడ్చుకుంట తిన్నడు."

మొగిలయ్య నవ్వాడు. కూతురి గొంతులో ఆ హుషారు విని చాలా రోజులైంది.

"వాళ్లకు వద్దని చెప్త తీయ్. వాన తగ్గినంక ఆ పిలగాన్ని తోల్కరా. చాయ్ తాగుకుంట మేం సుత రెండు మాటలు అడుగుతం."

ఫోన్ పెట్టేసింది. చివరి మిషన్ ఇంకా అక్కడే ఆగి ఉంది, పొద్దున్నుంచి అన్ని మిషన్లూ అడిగిన ప్రశ్నే అడుగుతూ.

"నొక్కమంటారా, వనిత గారూ?"

"ఆగు, నేను నొక్కుత," అని ఆమె చెయ్యి చాచి నెక్స్ట్ నొక్కింది.