ఎల్డన్ వదలనన్న జట్టు

కర్ట్ భోజనం మధ్యలో లేచిపోయాడు.

రోస్టు మాంసం ఇంకా పూర్తిగా కోయనేలేదు. బంగాళదుంపల సలాడ్ గిన్నె బల్ల చుట్టూ ఒక్క చుట్టైనా తిరగలేదు. "గెలవాలని ఉంటే గెలువు నాన్నా... కానీ మోసానికి రూలని పేరు పెట్టకు" అనేసి, కుర్చీ మీదున్న కోటు అందుకుని, భార్యనీ పసిపిల్లనీ కారెక్కించుకుని వెళ్లిపోయాడు. మార్లీన్ వెన్న కేకు పళ్లెంతో వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది.

కొడుకు కోపం ఆమెకి కొత్త కాదు. అది పాలపొంగు, సాయంత్రానికి దిగిపోతుంది. ఆమెని నిలువునా కదిలించింది వేరే... అంతకు ముందు క్షణంలో భర్త ఎల్డన్ అరచేత్తో బల్ల మీద చరిచాడు. బెల్‌విల్ ఊళ్లో ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటినుంచి ఆమె చూసిన ఎల్డన్, స్టవ్ ఫ్యాక్టరీలో చెయ్యి కాలిన రోజున కూడా గొంతు పెంచని మనిషి. ఆ మనిషి ఒక ఆట కోసం, అది కూడా నిజం ఆట కాదు, ఉత్తుత్తి ఆట కోసం, కన్నకొడుకు మీద బల్ల చరచడమా!

ఆ ఆట సంగతి మార్లీన్‌కి తెలిసింది కొంచెమే. ఏటా వసంతంలో బేస్‌బాల్ మొదలయ్యే ముందు ఓ ఆదివారం, చర్చి అయ్యాక, ఆమె భోజనాల బల్ల చుట్టూ జనం చేరతారు. భర్త, మరిది నార్బర్ట్, కొడుకు కర్ట్, కూతురు క్రిస్టా, నార్బర్ట్ పిల్లలు, చర్చిలో స్నేహితులు ఒకరిద్దరు. దేశంలో ఎక్కడెక్కడో ఆడే అసలు ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకుని ఎవరి కాగితపు జట్టు వాళ్లు కట్టుకుంటారు. ఆ ఆటగాళ్లు అక్కడ మైదానంలో బాగా ఆడితే ఇక్కడ వీళ్లకి పాయింట్లు. సెప్టెంబరు దాకా అదే గోల. మార్లీన్ సాండ్‌విచ్‌లు అందించేది, కాఫీ పోసేది, పిల్లల్ని బయటికి తోలేది. అంతవరకే.

ఈ ఏడు ఎల్డన్ కొత్త మాట తెచ్చాడు. ఇకమీదట జట్టుని ఏటా కొత్తగా కట్టుకోనక్కర్లేదు, పోయినేడు ఎవరి దగ్గరున్న ఆటగాళ్లని వాళ్లు అట్టిపెట్టుకోవచ్చు అన్నాడు. సరే, అలాంటి లీగులు ఊళ్లో చాలా ఉన్నాయి, ఎవరికీ అభ్యంతరం లేదు. ఎంతమందిని అట్టిపెట్టుకోవాలి అన్న దగ్గర వచ్చింది పేచీ. ముగ్గురో నలుగురో చాలన్నారు అందరూ. మొత్తం జట్టంతా అన్నాడు ఎల్డన్. ఎన్నేళ్లు అంటే, ఎన్నేళ్లయినా అన్నాడు. పోయినేడు గెలిచింది ఎల్డనే మరి. కర్ట్‌కి ఒళ్లు మండటంలో వింతేముంది?

ఆ రాత్రి మార్లీన్ ఏడ్చింది. తెల్లారేసరికి ఏడుపు పోయి, దాని చోట్లో ఒక ప్రశ్న కూర్చుంది. ఎందుకు? గెలుపంటే అంత ఆశ ఎల్డన్‌కి ఎప్పుడు పుట్టింది? ఓడినప్పుడల్లా కేకు ఇంకో ముక్క ఎక్కువ తిని నవ్వేసే మనిషి కదా...

ముందు నార్బర్ట్‌కి ఫోన్ చేసింది. అతను కూడా తల పట్టుకుని ఉన్నాడు. "అదే నాకూ అర్థం కావట్లేదు వదినా. పాతవాళ్లని అట్టిపెట్టుకునే లీగులంటే అన్నయ్యకి ఒకప్పుడు ఎంత వెటకారమో తెలుసా? కొత్తవాళ్లని ఎంచుకోవడంలోనే ఉంది మజా అంతా, అది లేకపోతే క్రిస్మస్‌కి నిరుటి బహుమతులే మళ్లీ కట్టి ఇచ్చినట్టు ఉంటుంది అనేవాడు." ఆ మాట విన్నాక ఆమె కుతూహలం రెట్టింపైంది.

మర్నాడు క్రిస్టా ఇంటికి వెళ్లింది. అట్టిపెట్టుకోవడం అంటే ఏమిటో మొదటినుంచీ చెప్పమంది. క్రిస్టా ఆశ్చర్యపోయింది. ఇన్నేళ్లలో అమ్మ ఈ ఆట గురించి అడగడం అదే మొదలు! ఉతికిన బట్టలు మడతపెడుతూనే ఓపిగ్గా చెప్పింది. ఒక ఆటగాణ్ణి అట్టిపెట్టుకుంటే దానికి బదులుగా ఎంపికలో ఒక వంతు వదులుకోవాలి. కొన్నేళ్లయ్యాక అతన్ని వదిలెయ్యాలి, అప్పుడు అందరికీ అతను దొరుకుతాడు. హద్దు పెట్టకపోతే ఎవరి జట్టు వాళ్ల దగ్గరే గడ్డకట్టుకుపోతుంది.

"అయితే నాన్న చెప్పినట్టు చేస్తే ఆయన కొత్తగా ఎవర్నీ ఎంచుకోనక్కర్లేదా?" అని అడిగింది మార్లీన్.

"ఒక్కణ్ణి కూడా అక్కర్లేదు. ఎంపిక రోజున నోరు విప్పకుండా కూర్చోవచ్చు" అంది క్రిస్టా నవ్వుతూ.

ఆ నవ్వు మార్లీన్‌కి అంటలేదు. కారు నడుపుకుంటూ ఇంటికొచ్చే దారంతా ఆ మాటే చెవుల్లో మోగింది... నోరు విప్పకుండా కూర్చోవచ్చు.

మధ్యాహ్నం ఎల్డన్ వెనక వరండాలో కిటికీ అద్దాల పక్కన కూర్చుని రేడియోలో వసంతకాలపు ప్రాక్టీసు ఆట వింటున్నాడు. మార్లీన్ అల్లిక పట్టుకుని పక్కన కూర్చుంది. నీ జట్టులో ఎవరెవరున్నారో చెప్పమంది. ఎల్డన్ ఆమెని వింతగా చూశాడు, తర్వాత మొహం వెలిగింది. రూడీ బాస్కం గురించి చెప్పాడు. బంతి కొట్టే ముందు ఎడమ మడమతో నేలని రెండుసార్లు గీరుతాడట, వాళ్ల నాన్న బొగ్గు గనిలో చేసేవాడట. ఇంకొకడి మోకాలి ఆపరేషన్ గురించి చెప్పాడు. ఒక్కొక్కడి గురించీ మేనల్లుడి సంగతి చెప్పినట్టు చెప్పాడు. వింటుంటే ఆమెకే ముచ్చటేసింది. ఇన్నేళ్లు ఈ మనిషి పక్కన కాఫీ కప్పులు కడుగుతూ ఇవన్నీ వినకుండా ఎలా ఉన్నాను అనుకుంది.

తర్వాత పక్కనున్న పత్రిక తీసి, ఈ ఏడు కొత్తగా వస్తున్న కుర్రాళ్ల పేర్లు పైకి చదివింది. ఎలీసియో పర్రా అనే పిల్లవాడి గురించి బాగా రాశారంది. ఎల్డన్ ఊఁ అన్నాడు. రేడియోలో రెండో జట్టు వంతు కూడా పూర్తయ్యింది. అల్లిక మీదనుంచి కళ్లు ఎత్తకుండానే, ఇందాక మనం అనుకున్న కుర్రాడి పేరేమిటి అని అడిగింది.

ఎల్డన్ రేడియో శబ్దం తగ్గించాడు. కిటికీలోంచి బయటికి చూశాడు.

"పాతవాళ్లంతా ఉన్నారు మార్లీన్" అన్నాడు చివరికి. "కొత్తవాళ్లే నిలవట్లేదు."

మార్లీన్ అల్లిక పక్కన పెట్టి, ఎప్పట్నుంచి అని అడిగింది.

ఆకులు రాలే కాలంనుంచీ ఇలాగే ఉందట. ముందు చర్చికి కొత్తగా వచ్చిన ఫాదర్ పేరు. తర్వాత మందుల షాపులో పిల్ల పేరు. ఒక్కడే డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాడు. ఇది మొదలే అన్నాడట డాక్టర్. ముందు ముందు ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేనన్నాడట. అన్నిటికంటే చెప్పలేని మాట ఎల్డన్ ఆఖరికి చెప్పాడు... మొన్న శీతాకాలంలో కర్ట్‌కి పుట్టిన కూతురి పేరు. ఎన్నిసార్లు విన్నా జారిపోతోంది. అందుకే ఎత్తుకున్నప్పుడల్లా చిట్టితల్లీ అంటాడు. తాతగారికి ఎంత ముద్దో అని అందరూ మురిసిపోయారు. మార్లీన్ కూడా మురిసిపోయింది.

పిల్లలకి చెప్పొద్దని మాట తీసుకున్నాడు. ఆమె ఇచ్చింది. ఇచ్చాక గాని ఆ మాట బరువు తెలియలేదు. కర్ట్ ఆ వారమంతా ఫోన్ ఎత్తలేదు. ఎత్తితే ఏం చెప్పాలి? మీ నాన్న దొంగ కాదురా అని చెప్పడానికి నోటిదాకా వచ్చిన మాటని ఎన్నిసార్లు మింగిందో ఆమెకే తెలుసు.

తర్వాతి ఆదివారం రూలు తేల్చెయ్యడానికి అందర్నీ మళ్లీ పిలిచింది ఆమే. కర్ట్ వచ్చాడు, భార్య బలవంతం మీద. తండ్రికి ఎదురుగా కూర్చుని, ఒంట్లో సిగ్గున్న మనిషెవరూ గెలిచిన ఏడే ఇలాంటి రూలు పెట్టరు, రూళ్లు ఖాయం చేసే కమిషనర్ నువ్వే కాబట్టి ఇలా చేస్తున్నావు అన్నాడు. నార్బర్ట్ సర్దిచెప్పబోయాడు. ఎల్డన్ తల వంచుకుని చెంచా అటూ ఇటూ తిప్పుతున్నాడు. ఆ వంచిన తలని చూసేసరికి మార్లీన్‌కి ఇంక ఆగలేదు.

"ఆ రూలు నాన్నది కాదు, నాది" అంది. "ఏటా ఇంటినిండా ఈ హడావుడి నావల్ల కావట్లేదు. జట్లు ఒకసారి పెట్టుకుంటే పీడా పోతుందని నేనే ఆయన్ని పోరాను."

కర్ట్ తల్లివైపు తిరిగాడు. "నువ్వా? ఇన్నేళ్లలో ఎవరు గెలిచారని ఒక్కసారైనా అడిగావా అమ్మా? మేమంతా కలిసి కూర్చునేది ఏడాదికి ఆ ఒక్క రోజు. నీకు అది హడావుడిలా కనిపించిందా?"

అబద్ధానికి దొరికిన జవాబే అయినా, అందులో సగం నిజమే. అందుకే బాగా లోతుకి దిగింది. మార్లీన్ కళ్లు నిండాయి. నా మీద కోపం పెట్టుకో నాయనా, పరవాలేదు, ఆయన మీద వద్దు అనుకుంది.

"అమ్మని ఏమీ అనకురా" అన్నాడు ఎల్డన్. చెంచా కింద పెట్టాడు. "నా కోసం అబద్ధం చెబుతోంది. కొత్త పేర్లు నా బుర్రలో నిలవట్లేదు. చదువుతాను, పేజీ తిప్పేసరికి పోతాయి. పాత జట్టు నా దగ్గరే ఉంటే ఇంకొన్నాళ్లు ఆడగలనని అనుకున్నాను. నా వంతు వచ్చినప్పుడు మీరంతా నా మొహంలోకి చూస్తుంటే, నోట పేరు రాక కూర్చోవడం... అది నా వల్ల కాదు. అంతే."

క్రిస్టా చేత్తో నోరు మూసుకుంది. నార్బర్ట్ కళ్లద్దాలు తీసి తుడుస్తూనే ఉన్నాడు. కర్ట్ లేచి పక్క గదిలోకి వెళ్లాడు. మళ్లీ వెళ్లిపోతున్నాడనుకుంది మార్లీన్. కానీ అతను పసిపిల్లతో తిరిగొచ్చాడు. తండ్రి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని పిల్లని ఆయన ఒళ్లో పెట్టాడు.

"దీని పేరు ఎలోవెన్, నాన్నా" అన్నాడు. "నువ్వు ఎన్నిసార్లు అడిగినా చెబుతాను."

ఎల్డన్ ఆ పేరు పలికాడు. పిల్ల ఆయన చొక్కా గుండీ పట్టుకుంది. అప్పుడు ఏడ్చారు అందరూ, దాపరికం లేకుండా.

తేరుకున్నాక క్రిస్టా అంది, నాన్న కోరినట్టే రూలు పెట్టేద్దాం, జట్టంతా, ఎన్నేళ్లయినా. అందరికంటే ముందు చెయ్యెత్తింది కర్టే. వద్దన్నది ఎల్డన్. "నా కోసం రూలు వంచొద్దు. ఎవర్నీ వదలకపోతే అది ఆట కాదు, నాకు తెలుసు ఆ సంగతి. కర్ట్ చెప్పిందే సబబు. నలుగుర్ని అట్టిపెట్టుకుందాం, మూడేళ్లు." కమిషనర్ పని కూడా క్రిస్టాకి ఇచ్చేస్తానన్నాడు. మాటలో తడబాటు లేదు. రూల్ని ఇంత నిక్కచ్చిగా తూచగల మనిషికి ఒక పేరు నిలవకపోవడమేమిటో మార్లీన్‌కి అంతుపట్టలేదు. మనిషి తల లోపల ఏముంటుందో, ఏ గది తలుపు ముందు మూసుకుంటుందో ఎవరికి తెలుసు?

"నాదీ ఒక రూలుంది" అందామె. అందరూ ఆమెకేసి చూశారు. "ఒక జట్టుకి ఇద్దరుండొచ్చు. పాతవాళ్ల సంగతి ఆయన చూసుకుంటారు. కొత్తవాళ్లని నేను ఎంచుకుంటాను."

"వదినా, మైదానంలో బేస్‌లెన్నో తెలుసా నీకు?" అన్నాడు నార్బర్ట్.

"నేర్పేవాడు ఇంట్లోనే ఉన్నాడు" అంది మార్లీన్. ఎల్డన్ ఆమెకేసి అలా చూస్తూ ఉండిపోయాడు. పెళ్లయిన కొత్తలో చూసిన చూపది. బల్ల కింద ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు.

ఎంపిక రోజున మార్లీన్ మొహం ఎర్రబడేలా పోరాడింది. కర్ట్ కన్నేసిన కుర్రాణ్ణి ముందే కొట్టేసింది. ఆ ఎండాకాలమంతా ఆమె అడుగుతూనే ఉంది, ఎల్డన్ చెబుతూనే ఉన్నాడు. గీత బయటికి పోయి ఫౌల్ అయిన బంతికి, కొట్టేవాడి మీద స్ట్రయిక్ అని తప్పు ఎందుకు వేస్తారు? మూడోసారి మాత్రం ఎందుకు వెయ్యరు? బంతి విసిరే పిచ్చర్ ముందు ఒక క్షణం ఆగకుండా ఎందుకు విసరకూడదు? ఆయన కోసమని అడిగిందేమీ కాదు, నిజంగానే తెలుసుకోవాలనిపించింది. ఇంత వింత ఆటని ఇన్నేళ్లు పక్కన పెట్టుకుని చూడలేదే అనిపించింది. వాళ్ల జట్టు గెలవలేదు. మధ్యలో ఎక్కడో ఆగింది. కర్ట్ గెలిచి, కేకులో పెద్ద ముక్క తండ్రికి పెట్టాడు.

ఆ సెప్టెంబరులో, లీగు ముగిసే ముందు ఒక సాయంత్రం ఇద్దరూ వరండాలో కూర్చున్నారు. రేడియోలో జనం ఒక్కసారిగా హోరెత్తారు.

"ఎవరా కుర్రాడు?" అన్నాడు ఎల్డన్.

"ఎలీసియో పర్రా."

"ఎవరి జట్టు?"

"మన జట్టే" అంది మార్లీన్. "నేనే ఎంచుకున్నాను."

"బాగా కొడుతున్నాడు. అట్టిపెట్టుకోనిస్తారా మనని?"

"ఇస్తారు. రూలుంది."

"ఎన్నాళ్లు?"

"మూడేళ్లు."

ఎల్డన్ కాసేపు ఆలోచించాడు. "మూడేళ్లంటే తక్కువేం కాదు" అని, చెయ్యి చాపి రేడియో శబ్దం కొంచెం పెంచాడు.