ప్యో గుమ్‌ర్యె అమ్మని కత్తులు

ప్యో గుమ్‌ర్యె జీవితంలో ఏ కంప్యూటర్ ఆటా ఆడలేదు. కొరియాలోని మొక్పో రేవు దగ్గర ఆమెకు సుందే అనే పంది పేగుల సూప్ అమ్మే చిన్న హోటల్ ఉంది. అలాంటి మనిషికి పన్నుల శాఖ నోటీసు పంపింది. రెండేళ్లుగా ఆన్‌లైన్ ఆటలోని కత్తులూ కవచాలూ అమ్ముతూ, వ్యాపారం నమోదు చేయకుండా పన్ను ఎగవేసిందని అభియోగం.

డిటెక్టివ్ తాక్ యున్‌జే ఒకప్పుడు వాతావరణ కేంద్రంలో పనిచేశాడు. ఆమె తెచ్చిన నోటీసును ఆయన రెండుసార్లు చదివాడు.

"ఈ వయసులో కత్తి పట్టారా అత్తా?" అంది సహాయకురాలు బాంగ్ హ్యేసుక్.

"నవ్వకే! ఏడేళ్లు ఎదురుచూస్తే పేదలకిచ్చే ప్రభుత్వ అద్దె ఇల్లు మంజూరైంది. ఈ రాబడి నాదని తేలితే అది రద్దవుతుంది. శుక్రవారంలోగా అభ్యంతరం చెప్పుకోవాలి."

"ఆ డబ్బు పడ్డ ఖాతా ఎవరిది?" అన్నాడు తాక్.

"నాదే. పాత పాస్‌బుక్, కార్డు, సంతకానికి బదులు వేసే ముద్ర, పాత ఫోన్ అన్నీ ఇల్లు మారినప్పుడు పోయాయి. సామాను మోసింది మా తమ్ముడు సాంగ్‌చొల్, మేడమీద అద్దెకుండే దోంగ్‌హా. దోంగ్‌హాకి ఆటల పిచ్చి. వాడే చేసుంటాడు!"

"మీ హోటల్‌కి సెలవులెప్పుడు?"

"ఏడాదికి ఒక్కరోజు, మా నాన్న తద్దినానికి. ఆయన వ్యాపారి. ఆ రోజు మా ఇంట్లో ఎవరి చేతా డబ్బు తీసుకోం."

తాక్ నోటీసుతో వచ్చిన అమ్మకాల పట్టిక ముందేసుకుని కూర్చున్నాడు. హ్యేసుక్‌ను సాంగ్‌చొల్‌కున్న స్క్విడ్ చేపల గోదాముకు పంపాడు. ఆమె చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చింది.

"చేపలు రాక రెండేళ్లుగా మూతపడిందట సార్. వాసన కూడా లేదు. కానీ గోడ కన్నాల్లోంచి వేడిగాలి కొడుతోంది."

బుధవారం మధ్యాహ్నం గిరాకీ తగ్గాక ఆయన అందరినీ హోటల్లోనే కూర్చోబెట్టాడు.

"నేను ఆడతాను సార్, కానీ అమ్మేంత సరుకు నా దగ్గరెక్కడిది? అద్దెకే చాలడం లేదు" అన్నాడు దోంగ్‌హా.

"తెలుసు. ఈ అమ్మకాలు పండగలనాడు కూడా ఆగలేదు. రెండేళ్లలో రెండు రోజులు మాత్రం ఆగాయి. నిరుడు మే పద్నాలుగు, ఈ ఏడు మే నాలుగు. మధ్య మూడువందల యాభైఐదు రోజులు, అంటే చంద్రుడి పన్నెండు నెలలు. రెండూ ఒకే తిథి."

గుమ్‌ర్యె చేతిలోని గరిటె ఆగిపోయింది. "నాన్న తిథి!"

"అది ఒక్కటే అయితే రుజువనను. యాదృచ్ఛికం కావచ్చు. కానీ చల్లగా ఉండాల్సిన చేపల గోదాము వేడెక్కుతోంది. లోపల ఎన్ని కంప్యూటర్లున్నాయి సాంగ్‌చొల్?"

సాంగ్‌చొల్ తల వంచాడు. "ముప్ఫై. ఆటలో సరుకు పోగేసి అమ్ముతున్నాను. నా ఒక్కడి పేరున ఎక్కువ అమ్మితే శాఖ కళ్లలో పడతానని... అక్క పేరు వాడాను."

"ఒరేయ్! నా ఇల్లు పోతుందన్న ఆలోచనే రాలేదా?"

"నోటీసు నీకొస్తుందనుకోలేదక్కా. నాన్న రోజున మాత్రం చెయ్యాడలేదు."

"సిగ్గు ఏడాదికి ఒక్కరోజే పనిచేస్తుందన్నమాట" అంది హ్యేసుక్.

తాక్ ఒక కాగితం ముందుకు జరిపాడు. "పన్ను పడాల్సింది ఖాతాలో ఉన్న పేరుకు కాదు, నిజంగా సంపాదించినవాడికి. చట్టం అదే అంటుంది. నీ కంప్యూటర్ల లెక్కలతో సహా ఈ వాంగ్మూలం ఇవ్వు. జరిమానా తప్పదు. ఆ తర్వాత నీ పేరునే నమోదు చేసుకుని దర్జాగా అమ్ముకో."

సాంగ్‌చొల్ సంతకం పెట్టాడు. గుమ్‌ర్యె కుండలో మిగిలిన సూప్ అంతా పెద్ద గిన్నెలో పోసి దోంగ్‌హా ముందు పెట్టింది. "నిన్ను అనుమానించాను నాయనా. తిను."

మర్నాడు అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసి అభ్యంతరం దాఖలు చేశారు. ఐదు వారాలకు శాఖ నోటీసును రద్దు చేసి, సాంగ్‌చొల్ పేరున కొత్తది పంపింది. ఇంటి తాళం చేతికొచ్చిన రోజు గుమ్‌ర్యె తమ్ముడికి ఫోన్ చేసింది. అభ్యంతరం దాఖలు చేసి వచ్చాక అప్పటిదాకా ఆమె అతనితో మాట్లాడలేదు.

"ఎనిమిదో అంతస్తు. మంచం లిఫ్టులో పట్టడం లేదు. వస్తావా, రావా?"