బిళ్ళ లేనిదే బుట్ట లేదు

హెరన్ సరస్సులో పొద్దు వాలాక ఎవరూ ఈదరు. పగలంతా పిల్లా పెద్దా నీళ్ళలోనే ఉంటారు. ఒడ్డున సాసేజీలు కాలుతుంటాయి. ఒకప్పుడు తెప్ప కట్టి ఉండే చోటుదాకా పందేలు వేసుకుని మరీ ఈదుతారు. సూర్యుడు చెట్ల వెనక్కి దిగాడో లేదో... తువ్వాళ్ళు దులుపుకుని ఎవరి దారిన వాళ్ళు పోతారు. ఎందుకని అడిగితే దోమలంటారు. దోమలకు భయపడేవాడు మా ఊళ్ళో ఇంతవరకూ పుట్టలేదు.

అసలు సంగతి అందరికీ తెలుసు. మసక చీకట్లో తెప్ప ఉండే చోట ఎవరో మునుగుతారు... లేస్తారు... మళ్ళీ మునుగుతారు. అది ఈత కాదు, వెతుకులాట. చూసినవాళ్ళు లేరు గానీ, విన్నవాళ్ళు చాలామందే ఉన్నారు.

నాకు ఇది మా పక్కింటి రెయినో చెప్పాడు. రెయినో ఉత్త కోతలరాయుడు. వాడు ఎప్పుడో పట్టిన చేప ప్రతి చలికాలానికీ ఓ జానెడు పెరుగుతుంది. ఈ కథని మాత్రం వాడు చెప్పినప్పుడల్లా తగ్గిస్తూ వస్తున్నాడు. అందుకే నమ్మాను.

వాడికి మెటల్ డిటెక్టర్ పిచ్చి. ఈతరేవుల్లో జనం పోగొట్టుకున్నవన్నీ వాడి షెడ్డులో జాడీల్లో ఉంటాయి — గాలాలకు కట్టే సీసపు గుండ్లు, ఉంగరాలు, స్కేటు బూటు కింది ఇనప పలక, వైరు కొక్కాలతో సగం కట్టుడు పళ్ళ సెట్టు. దొరికింది ఏమిటో తేలేదాకా వాడికి నిద్ర పట్టదు.

ఆ సాయంత్రం జనం వెళ్ళిపోయారు. ఒడ్డున పాత సిమెంటు గచ్చొకటి ఉంది. ఒకప్పుడు బట్టలు మార్చుకునే కొట్టం ఉండేది అక్కడ. ఆ గచ్చు అంచున, పొడి ఇసకలో, యంత్రం గట్టిగా కూసింది. రెయినో మోకాళ్ళ మీద కూర్చుని మోచేతి లోతున తవ్వాడు.

ఇత్తడి బిళ్ళ... మీద అంకె అరిగిపోయింది. వెనక లావుపాటి పిన్నీసు.

"గని బిళ్ళ!" అనుకున్నాడు. మా రాగి గనుల సీమలో పుట్టిన ఎవడైనా అదే అనుకుంటాడు. గనిలోకి దిగేవాడు అంకె ఉన్న బిళ్ళ పట్టుకుని దిగేవాడు, పైకొచ్చాక పలకకు తగిలించేవాడు. బిళ్ళ తిరిగి రాలేదంటే మనిషి ఇంకా కిందే ఉన్నాడని లెక్క. మా తాతలందరూ అలా దిగినవాళ్ళే.

సంతోషంగా చెవులకున్న హెడ్‌ఫోన్లు తీశాడు.

అప్పుడు వినపడింది.

బుడుంగ్... కాసేపు ఏమీ లేదు... తరవాత ఊపిరి. చాలాసేపు నీళ్ళలో ఉండి పైకొచ్చిన మనిషి ఆత్రంగా పీల్చే ఊపిరి.

"ఎవరది?" అన్నాడు.

ఊపిరి ఆగింది... విన్నట్టుగా. మళ్ళీ — బుడుంగ్.

గాలి లేదు. అయినా అలలొచ్చి ఒడ్డుని కొట్టాయి. తవ్వుకోల అక్కడే పారేసి పరుగెత్తాడు.

పరుగు ఆగింది ఇర్యా పెద్దమ్మ వంటింట్లో. ఎనభై దాటిన మనిషి. ఏలకుల రొట్టె కాఫీలో ముంచుకుని తింటోంది.

"ఏంట్రా, దెయ్యం తరిమినట్టు వచ్చావు?"

రెయినో బిళ్ళ బల్ల మీద పెట్టాడు. "పెద్దనాన్న గని బిళ్ళ నువ్వు చూశావుగా పెద్దమ్మా. ఇలాగే ఉండేదా?"

ఆమె తిప్పి చూసింది. "గని బిళ్ళకి పిన్నీసెందుకురా వెర్రినాగన్నా? మీ పెద్దనాన్న దీన్ని గౌనుకి గుచ్చుకుని దిగేవాడా..."

నవ్వబోయి ఆగిపోయింది. రొట్టె ముక్క కాఫీలో పడిపోయింది. తీయలేదు.

"ఇది... ఈతబిళ్ళ."

"అంటే?"

"కొట్టం కిటికీ దగ్గర బట్టలు బుట్టలో పెట్టి ఇస్తే, బుట్ట మీదున్న అంకే ఉన్న బిళ్ళ ఇచ్చేవాళ్ళం. అది ఈత బట్టలకు గుచ్చుకుని నీళ్ళలో దిగాలి. తిరిగొచ్చి బిళ్ళ ఇస్తే బుట్ట. అంతే."

"నీకెలా తెలుసు?"

"ఆ కిటికీలో కూర్చున్నది నేనేరా."

రెయినోకి ఒక పిన్ని ఉండేది, పెద్దమ్మకి చెల్లెలు. పేరు ఐలీ. వాడు పుట్టకముందే, పదిహేడేళ్ళ వయసులో, హెరన్ సరస్సులో పోయింది. అంతవరకే ఇంట్లో ఎవరికైనా తెలుసు. మిగతాది పెద్దమ్మ ఆ పూట చెప్పింది, బిళ్ళకేసే చూస్తూ.

"కిటికీ మూసే వేళకి వచ్చింది. బిళ్ళ పోయిందక్కా, బుట్ట ఇచ్చెయ్ అంది. బిళ్ళ లేనిదే బుట్ట లేదన్నాను. సొంత చెల్లెలైనా సరే, పోయి వెతుక్కో అన్నాను. పొద్దున నన్నడక్కుండా నా కొత్త మేజోళ్ళు తొడిగిందని ఒళ్ళు మంట. కాసేపు ఏడిపిద్దామనేరా... అంతే. తెప్ప దగ్గర పడిపోయిందేమో అంటూ వెళ్ళింది."

రెయినో కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఎక్కడ దొరికింది?" అందామె. "తెప్ప దగ్గరేగా? లోతులోనేగా?"

అవునంటే చాలు. ముసలిదాని ప్రాణం కుదుటపడుతుంది. జన్మంతా అబద్ధాలాడినవాడికి అదెంత పని! నోరు తెరిచాడు కూడా. కానీ చెవుల్లో ఆ ఊపిరి ఇంకా వినపడుతోంది. అవునన్నాడో... ఆ పిల్ల అక్కడే వెతుకుతూ ఉంటుంది.

"నీళ్ళలో కాదు పెద్దమ్మా. ఇసకలో. గచ్చు అంచున."

"ఏ వైపు?"

"దారి వైపు."

"కిటికీ ఆ వైపేరా..." అంది. లేచి స్వెటర్ తొడుక్కుంది. "నన్ను తీసుకెళ్ళు."

వాళ్ళు వెళ్ళేసరికి బాగా చీకటిపడింది. రెయినో టార్చి వెయ్యబోతే పెద్దమ్మ వద్దంది. వాడి మోచెయ్యి పట్టుకుని గచ్చు మీదికి నడిచి, దారివైపు అంచున నిలబడింది. అరవై ఏళ్ళ కిందట కూర్చున్న చోటే.

బుడుంగ్... ఊపిరి... బుడుంగ్.

పెద్దమ్మ వేళ్ళు రెయినో చేతిలోకి గుచ్చుకున్నాయి. అయినా ఆమె గొంతు వణకలేదు.

"ఐలీ! అక్కడ లేదే! ఇక్కడుంది... నా కాళ్ళ దగ్గరే పడిందే తల్లీ! నేను వంగి చూస్తే కనపడేది... చూళ్ళేదు. ఇంక వెతక్కు. వచ్చెయ్!"

సరస్సు మీద ఆ మాటలు చాలా దూరం పోయాయి.

చప్పుడు ఆగింది. మునిగిన చప్పుడు లేదు, ఊపిరీ లేదు. కప్పలు కూడా నోరు మూశాయి.

ఇద్దరూ నిలబడే ఉన్నారు. ఇక ఏమీ లేదులే, పద పెద్దమ్మా అందామనుకున్నాడు రెయినో.

అప్పుడు గచ్చు చివర... తప్. తడి పాదం చప్పుడు.

తప్... తప్...

మనిషి లేదు. చప్పుడు మాత్రం దగ్గరికొస్తోంది. సరిగ్గా వాళ్ళ ముందు ఆగింది. చల్లటి నీటి వాసన మొహానికి కొట్టింది.

పెద్దమ్మ ముందుకు వంగింది.

చీకట్లోంచి, ఆమె మొహానికి బెత్తెడు దూరంలో, పళ్ళు కటకటలాడుతున్న గొంతు —

"దొరికిందిగా... ఇప్పుడిస్తావా? చలేస్తోందక్కా."

ఏమిస్తుంది? ఆ బుట్ట ఎన్నడో పోయింది. పెద్దమ్మ గబగబా తన ఒంటిమీది స్వెటర్ విప్పింది. రెండు చేతులతో ముందుకు చాపింది.

"తీసుకోవే. బిళ్ళ ఇవ్వక్కర్లేదు... తీసుకో."

స్వెటర్ ఆమె చేతుల్లోంచి జారింది.

కింద పడలేదు.